మూడు గురివిందల చోటు

మణికూట రాజ్యానికి ఉత్తరపు కొసన, తొమ్మిది గుట్టలు దాటాక బోడిమిట్ట అనే ఎర్రమట్టి మైదానం ఉంది. పొద్దున్నే ఎండ పడితే ఆ నేల కుంకుమ ఆరబోసినట్టు మెరుస్తుంది. పొద్దెక్కితే పెనంలా కాలుతుంది. పూర్వం ఏ మహారాజో అక్కడ పాలరాతి కోట కట్టించాడట. పద్మాలు చెక్కిన స్తంభాలు, పురివిప్పిన నెమళ్లున్న ద్వారబంధాలు, గాలి వీస్తే వాటంతట అవే మోగే రాతిగంటలు ఉండేవట. ఇప్పుడా కోటంతా ఒక మట్టిదిబ్బ. దిబ్బనిండా కన్నాలు, కన్నాలనిండా పందికొక్కులు. రాజు కట్టాడు, కొక్కు ఏలుతోంది. లోకం తీరే అంత, ఎవరిని అని ఏం లాభం?

ఆ దిబ్బకు ఎనభై బారల దూరంలో, ఒక పెద్ద బండ నీడన, పైడన్న నాలుగు రోజులుగా ఒంటరిగా మకాం వేశాడు.

ఇతడు రాకుమారుడు కాడు. నుదుట చక్రవర్తి రేఖ లేదు, ఒరలో మంత్రఖడ్గం లేదు. యాభయ్యేళ్లు దాటిన మనిషి, మణికూటపు విత్తనాల గాదెకు కొక్కుల వేటగాడు. రాజ్యమంతా మరుసటి ఏడు చల్లుకోవలసిన విత్తనం ఆ గాదెలోనే ఉంటుంది. ఇరవై ఏళ్లుగా దాన్ని కాచినవాళ్లు సేనాపతులు కారు. పైడన్న, అతని పెళ్లాం ఆదెమ్మ, వాళ్ల సన్నగొట్టం తుపాకి. సేనలోని తుపాకులు ఉసిరికాయంత గుండును కక్కుతాయి. వాటితో కొక్కును కొడితే కొక్కుతోపాటు గాదె గోడ కూడా పోతుంది. సన్నగొట్టం గుండు మాత్రం శనగగింజంత. అది పోవలసిన చోటికే పోతుంది, పక్క గింజను కదపదు. అంత సన్నని గుండుకు అంత ఒడుపెరిగిన పనితనం కావాలి. ఆ పనితనం ఆలుమగలిద్దరిదీ.

ధూమ్రజటుడనే మాంత్రికుడు మణికూటాన్ని యుద్ధం లేకుండా గెలవాలని చూశాడు. విత్తనం తినేస్తే రాజ్యం దానంతటదే కాళ్ల మీద పడుతుందని అతని ఎత్తు. వేల కొక్కులను గాదె మీదికి తోలాడు. అవి ఒక్కటీ గుమ్మం దాటలేదు. మాంత్రికుడికి ఒళ్లు మండిపోయింది. ఒకనాడు ఏటికి నీళ్లకు వెళ్లిన ఆదెమ్మ మీద గుప్పెడు బూడిద చల్లి, ఆమెను పందికొక్కుగా మార్చి, బోడిమిట్టకు ఎత్తుకుపోయాడు.

ఇక పైడన్న వెళ్లి దారి అడిగితే తుమ్మగుట్ట యోగిని చెప్పిన మాట కూడా ఇక్కడే చెప్పేస్తే మంచిది. మాంత్రికుడి ప్రాణం దిబ్బమీది తెల్లమూతి కొక్కు మెడలోని నీలిపూసలో ఉంది. రోజూ మిట్టమధ్యాహ్నం, మనిషి నీడ పాదాల కిందికి చేరినప్పుడు, పూసకు ఎండ తాగించడానికి ఆ కొక్కు బయటికి వస్తుంది. నీడ మళ్లీ జానెడు సాగేలోపు లోపలికి దూరుతుంది. పూస పగిలితే మాంత్రికుడి పని సరి, అతని మంత్రం కట్టు విడిపోతుంది. కాని ఆదెమ్మ కొక్కయిన పన్నెండో మధ్యాహ్నం దాటితే ఆమె మనసు కూడా కొక్కు మనసే అవుతుంది. ఆ తర్వాత పూసలు నూరు పగిలినా ఆమె మనిషి కాదు.

పైడన్న ఏడు రోజులు నడిచి వచ్చాడు. నాలుగు రోజులు గుండ్లు చేశాడు. ఈరోజు పన్నెండోది.

మొదటి మధ్యాహ్నమే అతడు పెళ్లాన్ని గుర్తుపట్టాడు. తెల్లమూతి కొక్కు తన రొమ్ముకు ఆనించుకుని, డాలులా అడ్డం పెట్టుకున్న చిన్న కొక్కు మెడలో నల్లదారం ఉంది. దారానికి దుప్పికొమ్ము ముక్క వేలాడుతోంది. అది ఆదెమ్మ తుపాకిమందు కొలిచే కొలత. ఇరవై ఏళ్లు ఆమె మెడలోంచి దిగని కొలత, మంత్రంలో కూడా దిగలేదు. నీలిపూసకూ ఆదెమ్మ చెవికీ మధ్య ఉన్న ఎడం రెండు వేళ్లు. గుండు గురి తప్పితే ఏమవుతుందో పైడన్నకు తెలుసు. అందుకే గడిచిన నాలుగు మధ్యాహ్నాలూ తుపాకి ఎత్తలేదు. కాలు కదిపినా నేల అదిరి కొక్కులు లోపలికి దూరిపోతాయి కనుక దగ్గరికి పోయే వీలు లేదు. ఎంత చేసినా ఆ ఎనభై బారల నుంచే చెయ్యాలి.

గుండ్లు పొయ్యడం ఇద్దరి పని. ఆమె సీసం పోస్తే అతడు అచ్చు పట్టేవాడు. ఇప్పుడు అచ్చును కాలి బొటనవేళ్ల మధ్య బిగించి, చేత్తో తనే పోసుకున్నాడు. ఎడమ బొటనవేలు కాలి బొబ్బ లేచింది. “అబ్బా!” అన్నాడు గట్టిగా. ఇంట్లో అయితే ఆ మాటకు నవ్వో తిట్టో వచ్చేది. ఇక్కడ బండమీది తొండ ఒకటి తల ఊపి ఊరుకుంది. అతడు అంబలి కాచిన ప్రతిసారీ చెయ్యి అలవాటున రెండు ముంతల్లో పోసేది. రెండో ముంత చల్లారేదాకా దాని ఎదుటే కూర్చునేవాడు, తరువాత తనే తాగేవాడు. నాలుగు రోజులుగా అతనితో మాట్లాడిన మనిషి లేడు. తుపాకితో మాట్లాడాడు, తొండతో మాట్లాడాడు, చివరికి కాలిన వేలుతో కూడా మాట్లాడాడు.

సీసం కరిగాక మైనం ముక్క వేసి మడ్డి తీసేవాడు. అచ్చు వేడెక్కకముందు పడిన గుండ్లు ముడతలు పడతాయి, వాటిని మళ్లీ మూకుట్లో పడేసేవాడు. నున్నగా వచ్చినవాటి తోక కోసి, గరుకు గీకి, కంసాలి త్రాసులో పెట్టేవాడు. రెండో పళ్లెంలో పదహారు గురివింద గింజలు. ముల్లు ఇటు వాలినా అటు వాలినా ఆ గుండు మూకుట్లోకే. తూకం నెగ్గినవాటిని కంచు పళ్లెంలో దొర్లించేవాడు. లోపల గాలిబుడగ ఉంటే గుండు తిన్నగా దొర్లదు, పక్కకి ఒరుగుతుంది. నలభై గుండ్లలో ఈ గండాలన్నీ గడిచినవి తొమ్మిది. వాటిలో ఏడింటిని దూరపు రాయిమీద పెట్టిన తంగేడు పువ్వు మీద పరీక్షించాడు. ఏడూ పువ్వును రాల్చాయి. రెండు మిగిలాయి.

“ఇంక చాలు,” అన్నాడు తుపాకితో. “ఒకటే కదా కావాలి.”

అప్పుడు వినబడింది గంట చప్పుడు.

గడ్డిలోంచి ఒక ముసలి బైరాగి వస్తున్నాడు. మోకాళ్లదాకా జడలు, మెడలో శంఖాల పేరు, చేతిలో నాగుపడగ చెక్కి గంట కట్టిన కర్ర. పైడన్న గుండె గంతులేసింది. వచ్చినవాడు దొంగో దొరో అని కూడా చూడలేదు, ఎదురు పరిగెత్తాడు.

“ఎవులు సామీ నువ్వు? రా, రా, నీడకి రా! మనిసి మొకం సూసి నాలుగురోజులైంది. కూకో. అంబలి తాగుతావా? ఇదుగో, రెండో ముంత నీకోసమే పోసినట్టుంది సూడు!”

బైరాగి బండకు ఆనుకుని అంబలి గుటగుటా తాగాడు. మూతి తుడుచుకుని చల్లగా అన్నాడు. “నాయనా, ఈ నిర్జన ప్రదేశంలో నీ కష్టం చూస్తే జాలి కలుగుతున్నది. కాలిన వేలితో ఎందుకీ పాట్లు? ఒక వీరుడు ప్రాణం విడుస్తూ నాకిచ్చిన గుండ్లున్నవి. గురి తప్పని గుండ్లు. తీసుకో.”

చింకిగుడ్డ విప్పితే అయిదు గుండ్లు ముత్యాల్లా మెరిశాయి. పైడన్న చెయ్యి అలవాటుకొద్దీ త్రాసు మీదికి పోయింది. పదహారు గురివిందలు, ముల్లు నిలువుగా నిలిచింది. అయిదూ అంతే. అంత చక్కటి తూకం అతడు తన జన్మలో చూడలేదు. ఇంకొకడైతే కాళ్ల మీద పడేవాడు. పైడన్న కంచు పళ్లెం తీశాడు. అయిదింటినీ దొర్లించాడు. అయిదూ తాగుబోతుల్లా ఒకే పక్కకి తిరిగాయి.

పైడన్న తల ఎత్తలేదు. “సామీ, వీటిలో ఓ పక్క గుల్ల ఉంది. ఆ లోటు పూడ్సడానికి ఇంకో పక్క బరువైందేదో పెట్టినారు. తుపాకిలోంచి వస్తే ఇది ఎటు పోద్దో దీనికే తెల్దు. సరే, అది ఒగ్గేయి. నా గుండు పదారు గురివిందలని నాకు తెల్సు, మా ఆదికి తెల్సు. మీ వీరుడికి ఎవులు సెప్పినారు?”

బైరాగి నవ్వు ఆగిపోయింది. జడలు పొగలై పైకి లేచాయి. శంఖాల పేరు పుర్రెల పేరయింది. ముఖంమీది ముడతలు విచ్చుకుని, నిప్పుకణికల్లాంటి రెండు కళ్లు బయటపడ్డాయి.

“ఓరీ కొక్కులవాడా!” అని ధూమ్రజటుడు గర్జించాడు. “నీ పెళ్లాం కలవరింతలన్నీ నాకు వినబడుతూనే ఉంటాయిరా!”

అతడు కర్ర విసిరాడు. కర్ర నల్లతాచై పైడన్న నడుముకు చుట్టుకుని, తుపాకిమందు నింపిన మందుకొమ్మును తెంపుకుపోయింది. పైడన్న దూకి తోక పట్టుకున్నాడు. తోక చేతిలో బూడిదైంది. కొమ్ము గాలిలో గిరగిర తిరిగి పొయ్యిలో పడింది. పైడన్న తుపాకిని కడుపు కింద పెట్టుకుని బండవెనక్కి దొర్లాడు. దిక్కులు అదిరిపోయే చప్పుడు! పొయ్యి రాళ్లు లేచిపోయాయి, మూకుడు ముక్కలైంది, త్రాసు ఎటు పోయిందో తెలియదు, ఎర్రదుమ్ము కొండంత ఎత్తు లేచింది. దుమ్ములోంచి మాంత్రికుడి చెయ్యి వచ్చి పైడన్న గొంతు పట్టుకుంది. పట్టుకుని అలాగే ఆగిపోయింది. వేళ్లు బిగియలేదు.

“ఛీ!” అన్నాడు ధూమ్రజటుడు. “నీ అంబలిలో ఉప్పుంది. ఉప్పు తిన్న ఇంటివాణ్ణి ఆ పూట చంపితే నా విద్య నన్నే కాలుస్తుంది. బతికిపోయావు. నీడ మళ్లేదాకానే సుమా! నీడ మళ్లాక నీ పుర్రె నా పేరులో ఉంటుంది. ఈలోగా మందు లేని తుపాకిని మురళిలా వాయించుకో!”

అతడు పెద్దగా నవ్వి పడమటి గుట్టమీదికి పొగలా ఎగిరిపోయాడు.

పైడన్న లేచి చూసుకున్నాడు. రెండు గుండ్లూ మొలలో భద్రంగా ఉన్నాయి. నూనెగుడ్డ ఉంది. నిప్పువత్తి ఉంది. మందు కొలిచే తన వెదురు కొలత ఉంది. కొలిచేందుకు మందే లేదు. పొద్దు నడినెత్తికి ఎక్కుతోంది. బండ పక్కనే కూలబడ్డాడు. తొండ కూడా పారిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆదెమ్మ మూట.

ఆమె ఏటికి వెళ్లేముందు గుమ్మంలో పెట్టిన మూట అది. ఎందుకు తెచ్చాడని అడిగితే చెప్పలేడు. రాత్రిళ్లు దానిమీద తల పెట్టుకుంటే ఆమె వాడే కుంకుడుకాయ వాసన వచ్చేది, అందుకే తెచ్చాడు. విప్పితే ఒక రవిక, విరిగిన దువ్వెన, ఆమె చిన్న మందుకొమ్ము. కుదిపాడు. గరగర అంది. గట్టిగా చూస్తే రెండు కొలతల మందు ఉంటుంది.

తుపాకి పట్టిన ఇళ్లలో ఒక కట్టడి ఉంది. ఎవరి మందుకు వారి కొలత. కంది కట్టె బొగ్గు ఒకటే కావచ్చు, పెట్లుప్పు ఒకటే కావచ్చు, దంచిన చెయ్యి వేరు. ఆదెమ్మ మందును మూడు పూటలు నూరి, పల్చని గుడ్డలో జల్లించేది. అది చురుకు. పైడన్నది కాస్త గరుకు, నిదానం. అందుకే ఆమె తన మందుకు తన కొమ్ము కొలతే వాడేది. పైడన్న మాత్రం, “మందు మందే, కొలత కొలతే, ఆడోళ్ల సాదస్తం!” అని కొట్టిపారేసేవాడు. ఇరవై ఏళ్లు ఆ మాటే అన్నాడు. ఇప్పుడూ ఆ మాటే అనుకుని, తన వెదురు కొలతనిండా ఆమె మందు నింపి, గొట్టంలో పోసి, నూనెగుడ్డలో చుట్టిన గుండును కడ్డీతో దిగగొట్టాడు.

నీడ పాదాల కిందికి చేరింది. దిబ్బమీద ఒక కన్నంలోంచి తెల్లమూతి తొంగిచూసింది. వెనకే వందల కొక్కులు బారులుతీరి నిలిచాయి. తెల్లమూతి ఎత్తైన మన్నుగడ్డ మీదికెక్కి, ఆదెమ్మను రొమ్ముకు అదుముకుని, మెడ చాపింది. నీలిపూస మీద ఎండ పడి మెరిసింది.

పైడన్న ఊపిరి బిగబట్టాడు. మీట నొక్కాడు.

గుండు తెల్లమూతి నెత్తికి బెత్తెడు పైగా పోయి వెనకనున్న పాలరాతి ముక్కను పగలగొట్టింది. రెప్పపాటులో దిబ్బ ఖాళీ అయింది.

“అయ్యో ఆదీ!” అన్నాడు పైడన్న. ఆ కేక మిట్టంతా తిరిగి, ఎవరూ అందుకోక, మళ్లీ అతని దగ్గరికే వచ్చింది. తన కళ్లు తప్పాయా? లేదు. గుండు తప్పిందా? లేదు. ఏడు పువ్వులు రాల్చిన చెయ్యే ఇది. అతడు వెదురు కొలత వంక చూశాడు. తెలిసింది. మందు ఎక్కువైంది. ఆమె చురుకు మందును తన మోటు కొలతతో పోశాడు. పెళ్లాం ప్రాణం మీద కూడా పంతానికి పోయిన మొగుడు లోకంలో ఇంకొకడుంటాడా?

దొంగలా తొంగిచూస్తూ తెల్లమూతి మళ్లీ బయటికి వచ్చింది. దానికి తప్పదు, పూస ఇంకా ఎండ తాగలేదు. పైడన్న నీడ పాదం దాటి రెండు వేళ్లు సాగింది. పడమటి గుట్టమీద పొగ సుడి తిరగడం మొదలైంది. ఉప్పు గడువు తీరిపోతోంది.

ఒక్క గుండు. కొమ్ములో ఒక్క కొలత మందు. రంజకానికి, అంటే తుపాకి చెవిలో వేసి నిప్పంటించే చిటికెడుకు కూడా విడిగా మందు లేదు. ఆదెమ్మ కొలత ఎంత? అది ఆమె మెడలో ఉంది, ఎనభై బారల అవతల.

పైడన్న కళ్లు మూసుకున్నాడు. అరుగుమీద ఆమె పక్కనే కూర్చున్నట్టు తలుచుకున్నాడు. ఆమె చేతులు, ఆమె గాజులు, ఆమె నోరు. నోరు ముఖ్యం. ఒక వానాకాలం పూట ఇద్దరూ ఇదే కొలత మీద జగడమాడారు. ఆమె తన కొమ్ము కొలతనిండా మందు తీసి అతని వెదురు కొలతలో పోసింది. పైన కాస్త వెలితి మిగిలింది. త్రాసులోంచి గురివింద గింజలు తీసి ఒక్కొక్కటే వేసింది. ఒకటి, రెండు, మూడు. అంచుకు సరిపోయింది.

“సూసినావా మావా? నీ కొలతలో నా కొలత పోస్తే మూడు గురివిందల సోటు మిగిలిపోద్ది. ఆ సోటంతా నీ పంతమే. గురివింద గింజ తన నలుపెరగదంట, నువ్వూ అంతే!”

అతడు ఆరోజు విసురుగా లేచిపోయాడు. అన్నం కూడా తినలేదు.

త్రాసు పోయింది. గింజలు ఎక్కడ? పైడన్న నేలమీద పడి ఎర్రమట్టిని రెండు చేతులా వెతికాడు. ఎర్రమట్టిలో ఎర్రగింజ దొరకడం మాటలా? నల్లచుక్క కోసం చూశాడు. ఒకటి దొరికింది. పొయ్యి రాయి కింద రెండోది. నీడ నాలుగు వేళ్లు సాగింది. సుడిగాలి గుట్ట దిగి గడ్డిని పెరుక్కుంటూ వస్తోంది. మూడోది దొరకదు, దొరకదు, కాలిన బొటనవేలికి గుచ్చుకుని దొరికింది!

మూడు గింజలనూ వెదురు కొలత అడుగున వేసి, పైన ఆమె మందు నింపాడు. వేలితో అంచు చదును చేశాడు. అరచేతిలో ఒంపుకుని గింజలు ఏరేసి, మందును గొట్టంలో పోశాడు. గుండు దిగగొట్టాడు. మందుకొమ్మును తుపాకి చెవి దగ్గర బోర్లించాడు. గింజల చోటులో మిగిలిన ఆ కాస్త మందు రంజకానికి కచ్చితంగా సరిపోయింది. పైడన్నకు ఏడుపొచ్చింది, కాని దానికి వేళ లేదు.

సుడిగాలిలోంచి మాంత్రికుడి కేక వినబడుతోంది. “నీడ మళ్లిందిరా కొక్కులవాడా!”

పైడన్న బండమీద మోచెయ్యి ఆనించాడు. దిబ్బమీది చిన్న కొక్కు సన్నగొట్టం వైపే చూస్తోంది. మొదటి గుండు ఎందుకు పైకి పోయిందో దానికి తెలిసే ఉంటుంది. అది మెల్లగా తల వంచి, రెండు చెవులూ వెనక్కి మడుచుకుంది. నీలిపూస పూర్తిగా బయటపడింది. పైడన్న ఊపిరి సగం వదిలి మిగతా సగం ఆపాడు. పొగలోంచి వాడిగోళ్ల చెయ్యి వచ్చి అతని జుట్టు పట్టుకుంది. మీట కదిలింది.

పూస పగిలిన చప్పుడు ఎనభై బారల దూరానికి కూడా గాజు చిట్లినట్టు వినబడింది. జుట్టు పట్టుకున్న చెయ్యి పిడికెడు బూడిదై భుజాల మీద రాలింది. సుడిగాలి ఉన్నచోటే కూలింది. మరుక్షణం దిబ్బలోపల ఎక్కడో పూడుకుపోయిన రాతిగంటలన్నీ ఒక్కసారిగా మోగాయి. మోగుతూ మోగుతూ దిబ్బ నడిమికి పగిలి లోపలికి కుంగిపోయింది. కొక్కులు నలుదిక్కులకూ పారిపోయాయి. అవన్నీ కొక్కులే. మనిషి ఒక్కరూ లేరు.

పైడన్న పరిగెత్తాడు. కుంగిన చోట ఒక చీకటి కన్నం నోరు తెరుచుకుని ఉంది. దాని అంచున తెగిన నల్లదారం, దారానికి దుప్పికొమ్ము కొలత పడి ఉన్నాయి. ఆదెమ్మ లేదు. అతడు కన్నం దగ్గర బోర్లా పడుకుని పిలిచాడు. మన్ను రాలింది, అంతే. మళ్లీ పిలిచాడు. తన గొంతే తిరిగొచ్చింది. నాలుగు రోజులు ఓర్చుకున్న ఒంటరితనం ఇప్పుడు మీద పడి నొక్కింది. మొహం మట్టిలో పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

లోపలినుంచి, చాలా లోతునుంచి, బొంగురుపోయిన గొంతు ఒకటి వచ్చింది.

“మావా... ఎన్ని గింజలేసినావు?”

పైడన్న కళ్లు తుడుచుకుని, కన్నంలోకి వంగి చెప్పాడు. “మూడే.”

కింద చిన్న నవ్వు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

“ఆదీ? ఏటైంది?”

“గట్టిగా మాటాడకు,” అంది ఆదెమ్మ. “ఇక్కడ మెట్లున్నాయి, కిందికి పోతున్నాయి. నా పక్కన ఏదో ఊపిరి తీస్తన్నాది. కొక్కు కాదు, శానా పెద్దది. ఆ గంటలకి ఇప్పుడే మేలుకున్నట్టుంది. తుపాకి తీసుకుని దిగు.”

పైడన్న ఆమె మందుకొమ్మును కుదిపి చూశాడు. లోపల ఒక్క రవ్వ కూడా లేదు. దుప్పికొమ్ము కొలతను మెడలో కట్టుకున్నాడు. ఖాళీ తుపాకిని భుజాన వేసుకుని, తల ముందు పెట్టి కన్నంలోకి దిగాడు.